అరిజోనా సైప్రస్: ఎడారి లోయల చెట్టును గుర్తించడం, ఇంటి ఆవరణలో నాటి నిలబెట్టడం

అమెరికా నైరుతి ఎడారుల్లో కొండలను చీల్చుకుంటూ సాగే ఇరుకు లోయల అడుగున, నీలం కలిసిన బూడిద రంగు ఆకులతో నిటారుగా పెరిగే సతతహరిత వృక్షం అరిజోనా సైప్రస్. కాలిఫోర్నియాను మినహాయిస్తే అమెరికా నైరుతి ప్రాంతంలో స్వతహాగా పెరిగే సైప్రస్ జాతి ఇదొక్కటే. అరిజోనాతో పాటు న్యూమెక్సికో నైరుతి మూలలోను, టెక్సస్‌లోని బిగ్ బెండ్ ప్రాంతంలోను, సరిహద్దు దాటి మెక్సికో ఉత్తర రాష్ట్రాల్లోను ఇది కనిపిస్తుంది. వృక్షశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లీ గ్రీన్ 1882లో దీనికి కుప్రెసస్ అరిజోనికా అని పేరు పెట్టారు. 2009 నుంచి కొందరు శాస్త్రవేత్తలు హెస్పెరోసైపారిస్ అరిజోనికా అని వ్యవహరిస్తున్నారు గాని, నర్సరీ చీటీల మీద ఎక్కువగా పాత పేరే ఉంటుంది.

ఫీనిక్స్ శివారు పట్టణాలైన చాండ్లర్, గిల్బర్ట్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలు పెరటి గోడ వెంట పచ్చని తెర కోసం, పడమటి ఎండకు అడ్డు కోసం ఈ చెట్టును కొంటుంటాయి. 'ఎడారి చెట్టు' అన్న మాట నమ్మి నీళ్లు పోయకుండా వదిలేసేవారు కొందరు, లాన్‌తో పాటు రోజూ కొద్దికొద్దిగా తడిపేవారు మరికొందరు. రెండు దారుల్లోనూ చెట్టు కొన్నేళ్లకే ఎండిపోతుంది. ఇది ఎడారి మధ్యలోని లోయకు చెందిన చెట్టు అన్న ఒక్క విషయం గ్రహిస్తే, ఎక్కడ నాటాలి, ఎంత నీరు పెట్టాలి, దేనికి భయపడాలి అన్న ప్రశ్నలన్నింటికీ సమాధానం అందులోనే దొరుకుతుంది. అందుకే ఈ మార్గదర్శి గుంత తవ్వడంతో కాక, లోయతో మొదలవుతుంది.

మొదటి మెట్టు: లోయ ఏమి ఇస్తుందో తెలుసుకోవడం

ఈ చెట్టు సహజంగా పెరిగే ఎత్తు సముద్రమట్టానికి సుమారు 3,000 నుంచి 8,000 అడుగుల మధ్య ఉంటుంది. ఆ ఎత్తులో కూడా అది కొండ నలుమూలలా పరుచుకోదు. ఉత్తరం వైపు తిరిగిన వాలుల మీద, లోయ అడుగున, వాగు గట్టున, వాన నీరు ఒడిసి చేరే బండల సందుల్లో మాత్రమే గుంపులుగా నిలుస్తుంది. గండికోట దగ్గర పెన్నా నది కొండలను కోసిన గండిని చూసినవారికి లోయ అడుగుకూ పైనున్న మైదానానికీ వాతావరణంలో ఉండే తేడా అనుభవమే; అరిజోనా ఎడారిలో ఆ తేడా మరింత తీవ్రంగా ఉంటుంది.

ఈ తేడాకు మూడు కారణాలున్నాయి. ఎత్తయిన రాతిగోడల వల్ల లోయ అడుగున రోజులో కొన్ని గంటలు మాత్రమే నేరుగా ఎండ పడుతుంది కాబట్టి నేల త్వరగా ఆరదు. చుట్టూ ఉన్న బండల మీద కురిసిన వాన అంతా జారి అడుగుకే చేరుతుంది గనుక, అక్కడి వేర్లకు ఆకాశం నుంచి పడినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ నీరు అందుతుంది. అయితే ఆ నీరు కంకర, ఇసుక, విరిగిన రాళ్ల మధ్య నుంచి లోతుకు ఇంకిపోతుందే తప్ప వేర్ల చుట్టూ నిలవదు. ఇక మూడో కారణం చల్లగాలి. రాత్రివేళ కొండ వాలుల మీద చల్లబడిన గాలి బరువెక్కి కిందికి జారి లోయల వెంట ప్రవహిస్తుంది. అందువల్ల కొండపైన ఉండవలసిన చెట్లు లోయ వెంట చాలా కిందికి దిగి వస్తాయి. 1903లో టూసాన్‌లో నెలకొల్పిన ఎడారి ప్రయోగశాలలో పనిచేసిన ఫారెస్ట్ ష్రీవ్, ఆ ఊరికి ఆనుకుని ఉన్న శాంటా కాటలీనా కొండల వృక్షసంపదను పరిశీలించి 1915లో ప్రచురించిన అధ్యయనంలో, కొండ ఎత్తుతో పాటు వాలు దిక్కు, చల్లగాలి ప్రవాహం వృక్షాల హద్దులను ఎలా నిర్ణయిస్తాయో వివరించారు.

వాన పడే తీరు కూడా గమనించదగినది. అరిజోనాలో వర్షం రెండు విడతలుగా వస్తుంది. డిసెంబరు నుంచి మార్చి వరకు పసిఫిక్ మీదుగా వచ్చే నెమ్మదైన ముసురు, కొండలపై మంచు ఒక విడత. జూలై నుంచి సెప్టెంబరు వరకు ఉరుములతో విరుచుకుపడే ఋతుపవనం రెండో విడత. వీటి మధ్యనున్న ఏప్రిల్, మే, జూన్ నెలలు అతి పొడిగా ఉంటాయి. లోయలోని చెట్టు శీతాకాలంలో లోతుకు ఇంకిన తేమతో ఆ మూడు నెలలూ గడుపుతుంది. మైదానంలోని పెరట్లో ఆ లోతు తేమను మనమే సమకూర్చాలి. ఫీనిక్స్ సుమారు 1,100 అడుగుల ఎత్తులో, ఏడాదికి ఏడెనిమిది అంగుళాల వానతో ఉంటుంది. సుమారు 4,300 అడుగుల ఎత్తునున్న సెడోనాలో అందుకు రెట్టింపుకు పైగా కురుస్తుంది. ఈ రెండు ఊళ్లలో ఒకే చెట్టుకు చేసే సేవ ఒకేలా ఉండదు.

రెండో మెట్టు: చెట్టును సొంత చోట చూసి గుర్తించడం

కొనడానికి ముందు ఈ చెట్టును ఒకసారి దాని స్వస్థానంలో చూడవలసిందిగా నేను ప్రతి ఒక్కరికీ గట్టిగా చెబుతాను. టూసాన్ నుంచి మౌంట్ లెమన్‌కు ఎక్కే కాటలీనా రహదారిలో బేర్ కాన్యన్ దగ్గరికి రాగానే, కింద సగువారో జెముడు చెట్లతో మొదలైన ప్రయాణం ఒక్కసారిగా నీడలోకి ప్రవేశిస్తుంది. ఆ నీడలో ఎక్కువ భాగం ఈ సైప్రస్‌లదే. ఆగ్నేయ అరిజోనాలోని చిరికావా జాతీయ స్మారక ప్రదేశంలో, సుమారు 2.7 కోట్ల ఏళ్ల నాటి అగ్నిపర్వత బూడిద గట్టిపడి ఏర్పడిన రాతిస్తంభాల మధ్య, బొనీటా, రయొలైట్ లోయల కాలిబాటల వెంట కూడా ఇవి దట్టంగా ఉంటాయి. సెడోనాకు ఉత్తరాన ఓక్ క్రీక్ లోయ, టెక్సస్‌లో చీసోస్ పర్వతాల్లోని బూట్ కాన్యన్ మరో రెండు మంచి చోట్లు. డాలస్, ఆస్టిన్ వైపు ఉండే తెలుగువారికి బూట్ కాన్యన్ దూరమైనా, బిగ్ బెండ్ జాతీయ ఉద్యానవనానికి వెళ్లినప్పుడు నడిచి చూడదగినది.

ఎదిగిన చెట్టు సాధారణంగా 40 నుంచి 60 అడుగుల ఎత్తు ఉంటుంది. తేమ బాగా దొరికే లోయల్లో అంతకు మించి కూడా పెరుగుతుంది. లేతవయసులో శంకువులా నిటారుగా ఉండి, వయసు మీరేకొద్దీ పైభాగం గుండ్రబడుతుంది. ఆకులు సూదుల్లా ఉండవు. మన ఊళ్లలో పిల్లలు పుస్తకాల మధ్య దాచుకునే తూజా కొమ్మకు ఉన్నట్టే, చిన్న పొలుసులు ఒకదానిపై ఒకటి అతుక్కుని సన్నని రెమ్మలుగా కనిపిస్తాయి. అయితే తూజా రెమ్మలు చదునైన విసనకర్రలా పరుచుకుంటే, వీటి రెమ్మలు అన్ని వైపులకూ విస్తరిస్తాయి. ఆకు నలిపితే ఘాటైన బంక వాసన వస్తుంది. చాలా చెట్ల ఆకుల మీద తెల్లని బంక చుక్కలు కంటికి కనిపిస్తాయి.

అసలైన గుర్తు కాయ. ముప్పావు అంగుళం నుంచి అంగుళానికి పైగా వ్యాసంతో గుండ్రంగా, చెక్కలా గట్టిగా, ఆరు నుంచి ఎనిమిది పలకలతో ఉండి, ప్రతి పలక మధ్యలో చిన్న మొన ఉంటుంది. అదే లోయల్లో జునిపర్ చెట్లు కూడా ఉంటాయి, వాటి ఆకులు కూడా పొలుసుల్లాగే ఉంటాయి కాబట్టి కొత్తవారు తికమకపడతారు. జునిపర్ కాయ చిన్నగా, కండతో, పండులా ఉంటుంది. సైప్రస్ కాయ చేతితో నొక్కితే రాయిలా ఉంటుంది. బెరడు చదరపు పలకలుగా చీలి మొసలి చర్మంలా కనిపిస్తే అది అలిగేటర్ జునిపర్.

బెరడును బట్టి అరిజోనా సైప్రస్‌లోనే రెండు రూపాలున్నాయి. ఆగ్నేయ అరిజోనాలో, మెక్సికో సరిహద్దు కొండల్లో కనిపించే దాని బెరడు బూడిద గోధుమ రంగులో, నారలు నారలుగా, నిలువు గాళ్లతో ఉంటుంది. మధ్య అరిజోనాలో సెడోనా, పేసన్ చుట్టుపక్కల ఉండే దాని బెరడు పల్చని పొరలుగా ఊడిపోయి, లోపల చెర్రీ ఎరుపు నునుపు కనిపిస్తుంది. ఈ నునుపు బెరడు రూపాన్ని కొందరు గ్లాబ్రా అనే ప్రత్యేక జాతిగానే లెక్కిస్తారు. అలంకరణ కోసం నర్సరీల్లో అమ్మే రకాలు ఎక్కువగా దీని నుంచి వచ్చినవే.

జాతీయ ఉద్యానవనాల్లో, స్మారక ప్రదేశాల్లో ఒక్క కాయను గాని, కొమ్మను గాని తీసుకోవడం నిషేధం. జాతీయ అడవుల్లో అటవీ కార్యాలయం నుంచి ముందుగా అనుమతి తీసుకోవాలి.

మూడో మెట్టు: మీ స్థలం దీనికి తగినదేనా అని తేల్చుకోవడం

ఇక్కడ తొందరపడకూడదు. మూడు ప్రశ్నలకు నిజాయితీగా సమాధానం చెప్పుకున్న తర్వాతే నర్సరీకి వెళ్లాలి.

మొదటిది పుప్పొడి. అరిజోనా సైప్రస్ శీతాకాలంలో గాలిలోకి విపరీతంగా పుప్పొడి వదులుతుంది. అలర్జీ పరిశోధనల్లో ఈ పుప్పొడిలోని ప్రధాన ప్రొటీన్‌కు కప్ ఎ 1 అని ప్రత్యేకంగా పేరు పెట్టారంటేనే దాని ప్రభావం అర్థమవుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో తుమ్ములు, కళ్ల దురద, ఉబ్బసం వచ్చే వారు ఇంట్లో ఉంటే ఈ చెట్టు నాటవద్దు; మల్బరీ వంటి చెట్లలో ఆడ మొక్కను ఎంచుకుని పుప్పొడి నుంచి తప్పించుకునే ఉపాయం ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే ఆడ, మగ శంకువులు రెండూ ఒకే చెట్టు మీద వస్తాయి. నైరుతిలోని కొన్ని నగరాల్లో పుప్పొడి ఎక్కువగా వదిలే చెట్ల మీద ఆంక్షలు ఉన్నాయి. నగర నిబంధనలను, కాలనీ గృహయజమానుల సంఘం నియమాలను ముందే చూసుకోవడం మంచిది.

రెండోది స్థలం, నిప్పు. చెట్టు అడుగున పదిహేను నుంచి ఇరవై ఐదు అడుగుల వెడల్పు అవుతుంది. ఇంటికీ ప్రహరీకీ మధ్య ఐదారు అడుగుల సందులో ఇది ఇమడదు, ఇరుకులో నాటి ఏటా నరకడం చెట్టుకు శిక్షే. ఆకుల్లో, బెరడులో బంక నూనెలు ఉంటాయి కాబట్టి మంట అంటుకుంటే తీవ్రంగా కాలుతుంది. పేసన్, ప్రెస్కాట్ వంటి అడవిని ఆనుకున్న ఊళ్లలో ఇంటి గోడకు కనీసం 30 అడుగుల దూరం పాటించాలి.

మూడోది నేల. ఫీనిక్స్, టూసాన్ లోతట్టు ప్రాంతాల్లో మట్టి కింద కలీచీ అనే సున్నపు గట్టిపొర తరచుగా తగులుతుంది. అది సిమెంటులా ఉండి నీటిని కిందికి దిగనివ్వదు. దాన్ని పరీక్షించడం తేలిక. నాటదలచిన చోట రెండడుగుల లోతు గుంత తవ్వి, నిండా నీరు పోసి పూర్తిగా ఇంకనివ్వాలి. మళ్లీ నింపి, నాలుగు గంటల తర్వాత నీటిమట్టం చూడాలి. కనీసం నాలుగు అంగుళాలు తగ్గకపోతే ఆ చోట చెట్టు బతకదు. పొర పల్చగా ఉంటే గడ్డపారతో అడుగున చిమ్నీలా రంధ్రం పొడిచి కింది మట్టిని అందుకోవచ్చు. మందంగా ఉంటే మరో చోటు వెతకడమే తెలివైన పని. తవ్వడానికి కొన్ని రోజుల ముందు 811 నంబరుకు ఫోన్ చేస్తే భూమిలోని గ్యాస్, విద్యుత్ లైన్లను ఉచితంగా గుర్తు పెట్టి వెళతారు. ఇది అమెరికా అంతటా ఉన్న సదుపాయం, వదులుకోకూడనిది.

వీటన్నిటికీ తోడు వేడి గురించి ఒక మాట. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించి ఉష్ణోగ్రత నమోదైంది. ఈ చెట్టు పూర్తి ఎండను కోరుతుంది గాని, పడమటి గోడ నుంచి, కాంక్రీటు నుంచి, కంకర పరచిన నేల నుంచి ఎదురుగొట్టే వేడిని లోయలో ఎన్నడూ ఎరగదు. ఫీనిక్స్ ప్రాంతంలో నాటేవారు గోడకు దూరంగా, తూర్పు లేదా ఉత్తర దిశలో గాలి ఆడే చోటు ఎంచుకోవాలి. పడమటి ఎండను ఆపడానికే చెట్టు కావాలంటే, ఫీనిక్స్‌లో మెస్కీట్, ఐరన్‌వుడ్ వంటి మైదానపు స్థానిక చెట్లే ఆ పనికి తగినవని నా అభిప్రాయం. నాలుగు వేల అడుగుల పైనున్న ఊళ్లలో ఈ ఇబ్బంది లేదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దీన్ని పెంచుదామనుకునే వారికి నేను ప్రోత్సాహం ఇవ్వలేను. వానాకాలమంతా నల్లరేగడి నేలలో నానే వేర్లు, గాలిలోని తేమ, చలి లేని శీతాకాలం ఈ చెట్టు స్వభావానికి పూర్తిగా విరుద్ధం.

నాలుగో మెట్టు: మొక్కను ఎంచుకోవడం

నర్సరీలో 'బ్లూ ఐస్', 'కరోలినా సఫైర్' వంటి పేర్లతో వెండి నీలం రంగు రకాలు దొరుకుతాయి. ఇవి కత్తిరింపు కొమ్మల నుంచి లేదా అంటు ద్వారా పెంచినవి కాబట్టి అన్నీ ఒకేలా ఉంటాయి. గోడ వెంట వరుసగా నాటేవారికి ఆ ఏకరూపత నచ్చుతుంది. స్థానిక విత్తనం నుంచి పెరిగిన మొక్కలు రంగులో, ఆకారంలో ఒకదానికొకటి భిన్నంగా ఉంటాయి. అవకాశం ఉంటే నేను విత్తనపు మొక్కలనే ఎంచుకోమంటాను. ఒక తెగులు వస్తే ఒకే మూలం నుంచి వచ్చిన వరుస మొత్తం ఒకేసారి పోయే ప్రమాదం వాటిలో తక్కువ. ఇటాలియన్ సైప్రస్, లేలాండ్ సైప్రస్ అనేవి వేరే చెట్లు. చీటీ మీద శాస్త్రీయ నామం చదివి గాని డబ్బు ఇవ్వవద్దు.

పెద్ద తొట్టిలోని పెద్ద మొక్క త్వరగా నీడనిస్తుందన్న ఆశ సహజమే. అయినా ఐదు గ్యాలన్ల తొట్టిలోని చిన్న మొక్క కొత్త నేలలో త్వరగా వేళ్లూని, కొన్నేళ్లలోనే పెద్దదాన్ని అందుకుంటుంది. మొక్కను తొట్టి నుంచి కొంచెం పైకి లాగి చూపించమని అడగండి. వేర్లు తొట్టి గోడ వెంట గుండ్రంగా చుట్టుకుని మందపాటి తాళ్లలా మారి ఉంటే ఆ మొక్కను వదిలేయండి. అది పదేళ్ల తర్వాత ఋతుపవనపు గాలికి కూలిపోయే చెట్టు. లోపలి ఆకులు కొన్ని గోధుమ రంగులోకి మారడం సహజం, కాని కొమ్మ చివర్లు ఎండి ఉండకూడదు.

ఐదో మెట్టు: నాటడం

లోతట్టు ఎడారిలో అక్టోబరు, నవంబరు నెలలు నాటడానికి అత్యుత్తమం. గాలి చల్లబడినా నేల ఇంకా వెచ్చగా ఉంటుంది కాబట్టి వేసవి వచ్చేలోగా వేర్లకు ఆరేడు నెలల సమయం దొరుకుతుంది. మంచు గట్టిగా పడే ఎత్తు ప్రాంతాల్లో వసంతంలో, గడ్డ కట్టే చలి తగ్గాక నాటాలి. జూన్‌లో నాటడం మానుకోవాలి.

గుంత లోతు వేరుముద్ద ఎత్తుకు సమానంగా, వెడల్పు దానికి మూడు నుంచి ఐదు రెట్లు ఉండాలి. మన ఊళ్లలో కొబ్బరి, మామిడి మొక్కలకు లోతైన గుంత తీసి పశువుల ఎరువు, వేపపిండి కలిపి నింపే అలవాటు ఉంది. ఇక్కడ ఆ పద్ధతి వద్దు. అరిజోనా విశ్వవిద్యాలయ విస్తరణ విభాగం కూడా గుంతలోకి తవ్విన మట్టినే తిరిగి నింపమంటుంది. ఎరువు కలిపిన మెత్తని మట్టిలో వేర్లు అక్కడే తిరుగాడి, బయటి గట్టి నేలలోకి వెళ్లడానికి ఇష్టపడవు. ఎరువు కుళ్లి కుంగిపోయాక మొక్క కూడా లోతుకు దిగి కాండం మొదలు మట్టిలో కూరుకుపోతుంది.

మొక్కను గుంతలో నిలిపేటప్పుడు కాండం మొదట్లో వేర్లు విడిపోయే చోటు నేలమట్టానికి సమానంగా గాని, అరంగుళం పైన గాని ఉండేలా చూడాలి. చుట్టుకున్న సన్నని వేర్లను వేళ్లతో విడదీసి బయటికి పరచాలి. సగం మట్టి నింపి నీరు పోసి, గాలి బుడగలు పోయాక మిగతా మట్టి వేయాలి. కాళ్లతో తొక్కి గట్టిపరచవద్దు. చుట్టూ వెడల్పాటి పాదు కట్టి, అందులో మూడు అంగుళాల మందంలో చెక్కపొట్టు లేదా ఎండుటాకు పరచాలి, అది కాండానికి ఆరు అంగుళాల దూరంలో ఆగిపోవాలి. ఫీనిక్స్ పెరళ్లలో కనిపించే కంకర పరుపు వేర్ల మీద వేడిని పెంచుతుంది. చెట్టు నీడ పడే మేర కంకరను తీసివేస్తే లోయ అడుగున రాలిన ఆకుల కింద ఉండే చల్లదనం కొంతైనా దొరుకుతుంది.

గట్టి గాలులు లేని చోట కర్ర ఊతం అవసరం లేదు. గాలికి కొంచెం ఊగే కాండమే బలపడుతుంది. తప్పనిసరైతే వదులుగా కట్టి, ఒక ఏడాది దాటాక తీసేయాలి. వరుసగా నాటేవారు మొక్కకూ మొక్కకూ కనీసం ఎనిమిది నుంచి పది అడుగులు వదలాలి.

ఆరో మెట్టు: నీరు

చెట్టు బతుకు, చావు ఈ మెట్టులోనే ఉన్నాయి. లోయలో నీరు ఎలా వస్తుందో గుర్తు చేసుకోండి. ఒకేసారి ధారాళంగా వచ్చి, లోతుకు దిగి, తర్వాత చాలా రోజులు రాదు. పెరట్లోనూ అలాగే ఇవ్వాలి.

నాటిన మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు వేరుముద్ద పూర్తిగా తడిచేలా పెట్టాలి, ఎందుకంటే ఆ దశలో వేర్లన్నీ తొట్టి నుంచి వచ్చిన ముద్దలోనే ఉంటాయి. తర్వాత మూడు నాలుగు రోజులకు, ఆపై వారానికి ఒకసారిగా విరామం పెంచుతూ పోవాలి. మొదటి వేసవిలో వారానికి ఒకసారి కంటే తగ్గించవద్దు. ఫీనిక్స్ జూన్ ఎండలో అయిదు రోజులకే అవసరం రావచ్చు. మూడో ఏడాదికి చెట్టు కుదురుకుంటుంది. అప్పటి నుంచి ఫీనిక్స్ ప్రాంతపు పురపాలక నీటి సంస్థలు ఎడారికి అలవాటుపడిన చెట్లకు సూచించే విరామాలను ఆధారంగా తీసుకోవచ్చు. వేసవిలో 7 నుంచి 21 రోజులకు, వసంతంలోను శరత్తులోను 14 నుంచి 30 రోజులకు, శీతాకాలంలో 30 నుంచి 60 రోజులకు ఒకసారి. లోయల నుంచి వచ్చిన ఈ చెట్టుకు ఆ విరామాల్లో తక్కువ రోజులవైపు మొగ్గు చూపడం క్షేమం. శీతాకాలపు తడిని మాత్రం మానకూడదు. డిసెంబరు, జనవరి వానలు ముఖం చాటేసిన ఏడాది నెలకొకసారి లోతుగా ఇచ్చిన నీరే ఏప్రిల్ నుంచి జూన్ వరకు చెట్టును నిలబెడుతుంది.

ప్రతిసారీ తడి రెండు నుంచి మూడు అడుగుల లోతుకు దిగాలి. దిగిందో లేదో కంటితో తెలియదు. మూడడుగుల ఇనుప చువ్వ ఒకటి కొని, నీరు పెట్టిన మరునాడు నేలలోకి దించి చూడండి. తడి ఉన్నంత మేర అది సులువుగా దిగి, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. డ్రిప్పు గంట నడిపితే ఎంత లోతు దిగిందో రెండు మూడుసార్లు ఇలా కొలుచుకుంటే, మీ నేలకు ఎన్ని గంటలు కావాలో తెలిసిపోతుంది. బంకమట్టిలో ఎక్కువసేపు నెమ్మదిగా, ఇసుక నేలలో తక్కువసేపు తరచుగా పెట్టాలి.

రోజూ పది నిమిషాలు నడిచే డ్రిప్పు పై నాలుగు అంగుళాలనే తడిపి, వేర్లను పైపైనే ఉంచుతుంది. అలాంటి చెట్టు ఆకు బరువు పెరిగాక ఋతుపవనపు గాలివానకు వేళ్లతో సహా ఒరిగిపోతుంది. పైగా ఈ ప్రాంతపు కుళాయి నీటిలో లవణాలు ఎక్కువ. కొలరాడో నది నుంచి 336 మైళ్ల కాలువ ద్వారా వచ్చే నీరు కూడా అలాంటిదే. లోతైన తడి ఆ లవణాలను వేర్ల కిందికి కడిగివేస్తుంది, పైపై తడి వాటిని వేర్ల దగ్గరే పోగుచేస్తుంది.

చుక్కల గొట్టాలను కాండం పక్కనే వదిలేయడం చాలా ఇళ్లలో కనిపించే లోపం. నీరు పీల్చే వేర్లు కొమ్మల అంచు కింద, దానికి ఇంకా బయట ఉంటాయి. చెట్టు విస్తరించేకొద్దీ గొట్టాలను ఏటా బయటికి జరుపుతూ, వాటి సంఖ్యను పెంచాలి. ఎరువు సాధారణంగా అక్కర్లేదు. లేత పసుపు ఆకులు కనిపిస్తే ఇనుము మందు కొనడానికి ముందు నీరు ఎక్కువైందేమో చువ్వతో చూడండి.

ఏడో మెట్టు: కత్తిరింపు

వీలైనంత తక్కువ కత్తిరించాలి. ఈ చెట్టు ఆకులు లేని పాత కొమ్మ నుంచి మళ్లీ చిగురించదు. పచ్చదనం దాటి లోపలికి కోసిన చోట శాశ్వతంగా ఖాళీ మిగులుతుంది. ఎండిన కొమ్మలను, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలను శీతాకాలం చివర తీసివేస్తే చాలు. నేలను తాకే కింది కొమ్మలు వేర్లకు నీడనిస్తాయి కాబట్టి, అగ్ని భయం లేని చోట వాటిని అలాగే ఉంచండి.

విత్తనం నుంచి పెంచదలచిన వారికి

ఓపిక ఉన్నవారికి ఇది ఎంతో తృప్తినిచ్చే పని. కాయ పక్వం కావడానికి రెండేళ్లు పడుతుంది. పండినా విచ్చుకోదు, ఏళ్ల తరబడి కొమ్మకే మూసుకుని ఉండి, అడవి మంట వేడికి గాని, కొమ్మ ఎండిపోయినప్పుడు గాని తెరుచుకుని, బూడిద తప్ప మరేమీ లేని నేల మీద విత్తనాలను వదులుతుంది. పల్చని బెరడు గల తల్లి చెట్టు మంటలో చనిపోయినా సంతానం మిగిలే ఏర్పాటు ఇది. 2011లో హార్స్‌షూ 2 అనే మంట చిరికావా పర్వతాల్లో రెండు లక్షల ఎకరాలకు పైగా వ్యాపించింది. అలాంటి చోట్ల ఈ జాతి తిరిగి రావడం కొమ్మల మీద నిలిచి ఉన్న ఆ కాయల మీదే ఆధారపడుతుంది.

పొరుగువారి చెట్టు నుంచి, వారి అనుమతితో, బూడిద గోధుమ రంగుకు మారిన పాత కాయలను కోసుకోండి. ఆకుపచ్చగా ఉన్నవి పనికిరావు. కాయలను అర నిమిషం మరిగే నీటిలో ముంచి తీస్తే పలకల మధ్యనున్న బంక కరుగుతుంది. తర్వాత కాగితం మీద వెచ్చని చోట ఆరబెడితే కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో విచ్చుకుంటాయి. ఒక్కో కాయ నుంచి పదుల సంఖ్యలో చిన్న గోధుమ రంగు గింజలు రాలతాయి. వాటిలో తాలు గింజలు ఎక్కువ, అందుకే కావలసినదానికి నాలుగైదు రెట్లు విత్తాలి.

గింజలను ఒక రాత్రి నానబెట్టి, తడి ఇసుకతో కలిపి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్ కింది అరలో నెల రోజుల పాటు ఉంచాలి. కొండల మీది శీతాకాలాన్ని గింజకు చూపించడమే దీని ఉద్దేశం. ఫిబ్రవరి చివర, ముతక ఇసుక ఎక్కువగా, కంపోస్టు తక్కువగా ఉన్న మిశ్రమంలో పావు అంగుళం లోతున విత్తాలి. మొలకలు నెమ్మదిగా, ఒక్కొక్కటిగా వస్తాయి. ఈ దశలో పెద్ద శత్రువు నారుకుళ్లు తెగులు. మిశ్రమం పైభాగాన్ని సన్నని ఇసుకతో కప్పి, నీరు ఉదయం పూట మాత్రమే, అడుగు నుంచి పీల్చుకునేలా ఇచ్చి, గాలి ఆడనిస్తే చాలా మొలకలు దక్కుతాయి. మొదటి ఏడాది ఆకులు పొలుసుల్లా కాక సూదుల్లా ఉంటాయి. వేరే మొక్క మొలిచిందనుకుని పీకవద్దు. లోతైన కుండీల్లో మొదటి వేసవి మధ్యాహ్నపు ఎండ తగలకుండా కాపాడి, తర్వాతి శరత్తులో నేలలోకి మార్చవచ్చు.

ఎనిమిదో మెట్టు: తెగుళ్లు, పురుగులు

నీరు సరిగా అందే చెట్టుకు జబ్బులు అరుదు. ఎండిపోయిన కొమ్మ చివర్లు అక్కడక్కడ విరిగి జెండాల్లా వేలాడుతుంటే, కాండం మీద సన్నని రంధ్రాలు, చెక్కపొడి కనిపిస్తుంటే అది సైప్రస్ బెరడు పురుగు. ఇది కరువుకు నీరసించిన చెట్టునే వెతుక్కుంటుంది. బంక కార్చి పురుగును తరిమే శక్తి చెట్టుకు నీటి నుంచే వస్తుంది కాబట్టి, మందు కంటే లోతైన తడి ముందు ఇవ్వాలి. చెట్టంతా రంగు మారిపోయాక ఏ మందూ పనిచేయదు. అలాంటి చెట్టును నరికి, కట్టెను పెరట్లో నిల్వ చేయకుండా తరలిస్తే పక్క చెట్లు దక్కుతాయి.

వేసవిలో ఆకులు మసకబారి, తెల్ల కాగితం మీద కొమ్మను తట్టితే కదిలే చుక్కలు రాలితే ఎర్రనల్లి పట్టినట్టు. పొడి దుమ్ము దానికి ఇష్టం. వారానికి ఒకసారి ఉదయాన గొట్టంతో ఆకులను బలంగా కడిగితే సరిపోతుంది. కొమ్మ మీద బెరడు పగిలి బంక కారుతూ, ఆపై భాగం ఎండుతూ వస్తే సీరీడియం అనే శిలీంధ్రం తెచ్చే క్యాంకర్ తెగులు కావచ్చు. లేలాండ్ సైప్రస్‌తో పోల్చితే అరిజోనా సైప్రస్‌కు దీన్ని తట్టుకునే శక్తి ఎక్కువ. ఎండిన భాగానికి బాగా కింద, ఆరోగ్యంగా ఉన్న కొమ్మ వరకు కోసి, ప్రతి కోతకు మధ్య కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి. తేమ ఎక్కువగా ఉండే తూర్పు టెక్సస్, జార్జియా, కరోలినాల్లో ఆకుమాడు తెగులు, సంచి పురుగు కూడా వస్తాయి. ఆకులతో అల్లుకున్న ఆ సంచులను శీతాకాలంలో చేత్తో తీసి నాశనం చేస్తే, వాటిలోని గుడ్లు వసంతంలో పొదగవు.

లోయల్లోని పాత చెట్ల మీద బదనిక గుబురులు తరచుగా కనిపిస్తాయి. పక్షులు దాని పండ్లను తిని గింజలను కొమ్మల మీద వదులుతాయి. అడవిలో దాన్ని అలాగే ఉంచాలి, అది ఆ లోయ పక్షుల ఆహారం. పెరటి లేత చెట్టు మీద మొలిస్తే, అది అతుక్కున్న చోటుకు అడుగు లోపలికి ఆ కొమ్మనే తీసివేయాలి. పైపైన గిల్లితే లోపలి వేరు మళ్లీ చిగురిస్తుంది. ఏ జబ్బో తేలనప్పుడు ఎండిన, పచ్చి భాగాలు రెండూ కలిసి ఉన్న కొమ్మ ముక్కను సంచిలో పెట్టి మీ కౌంటీ వ్యవసాయ విస్తరణ కార్యాలయానికి తీసుకువెళ్లండి. పూర్తిగా ఎండిన కొమ్మలో కారణమైన శిలీంధ్రం దొరకదు కాబట్టి, పచ్చికీ ఎండుకీ సరిహద్దు కనిపించే ముక్కే వారికి అవసరం.